నీట మునిగిన కలపపై శిలీంధ్రాలు: పేరు పెట్టే విద్యను నిలబెట్టుకోవాలి

వేసవిలో మైలవరం, గండికోట జలాశయాల నీటిమట్టం తగ్గినప్పుడు అంచుల్లో తుమ్మ, వేప, కానుగ మోడులు బయటపడతాయి. వాటి పైపొర గోటితో గీస్తేనే గాడి పడేంత మెత్తగా, నల్లగా ఉంటుంది. లోపలి చేవ మాత్రం గట్టిగానే నిలిచి ఉంటుంది. చూసినవారు నానిపోయిన కట్టె అనుకొని వదిలివేస్తారు. ఆ పైపొరను చేతి భూతద్దంతో పరిశీలిస్తే, ఆవగింజ కంటే ఎంతో చిన్నవైన నల్లని బొడిపెలు కనిపించవచ్చు. వాటిలో అనేకం మంచినీటి శిలీంధ్రాల ఫలనాంగాలు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల్లో ఈ శిలీంధ్రాలను సేకరించి, వర్ణించి, పేరు నిర్ణయించి, భద్రపరచే పనిని వ్యవసాయ పరిశోధన తన పనిగా స్వీకరించాలి. అది వృక్షశాస్త్ర విభాగాలకే పరిమితమైన విషయమన్న భావన సరికాదు.

శాస్త్ర చరిత్ర

నీటి శిలీంధ్రాల అధ్యయనానికి 1942 ఒక మలుపు. ఇంగ్లండులోని లీసెస్టర్‌షైర్ వాగులో కుళ్ళుతున్న ఆల్డర్ ఆకులపై నాలుగు భుజాల కొనీడియాలు గల శిలీంధ్రాలను సి.టి. ఇంగోల్డ్ ఆ సంవత్సరం వర్ణించారు. కలప విషయంలో 1954లో జె.జి. సావొరీ చేసిన పరిశీలన కీలకమైనది. తడి కలపలో కణకవచపు ద్వితీయ పొరలోనే సూక్ష్మ కుహరాలను తొలుస్తూ సాగే క్షయాన్ని ఆయన ‘మెత్త కుళ్ళు’గా వేరుచేసి చూపారు. తెల్ల కుళ్ళు, గోధుమ కుళ్ళు కలిగించే పుట్టగొడుగుల వర్గపు శిలీంధ్రాలు అధిక తేమ, తక్కువ ఆమ్లజని గల చోట మందగిస్తాయి. అటువంటి చోట పని కొనసాగించేవి ఆస్కోమైసీట్లు, వాటి అలైంగిక రూపాలు. 1969లో జోన్స్, ఈటన్ శీతలీకరణ గోపురాల్లోని కలప నుండి ఒక కొత్త ప్రజాతిని వర్ణించి, సావొరీ గౌరవార్థం దానికి సవొరియెల్లా అని పేరు పెట్టారు. పరిశ్రమలో కలప నష్టాన్ని అర్థం చేసుకొనే ప్రయత్నంలోనే ఒక ప్రజాతి వెలుగులోకి రావడం గమనార్హం. వర్గీకరణకూ అవసరానికీ మధ్య దూరం లేదని ఆ పేరే గుర్తుచేస్తుంది.

తెలుగు నేలపై ఈ శాస్త్రానికి పునాది లేకపోలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సి. మనోహరాచారి నీటి శిలీంధ్రాలపై కృషి చేశారు. గోదావరి, కృష్ణా డెల్టాల మడ అడవుల కలపపై పెరిగే శిలీంధ్రాలను వి.వి. శర్మ, బి.పి.ఆర్. విఠల్ వివరంగా నమోదు చేశారు. మంగళూరులో కె.ఆర్. శ్రీధర్, కె.ఎం. కావేరియప్ప పశ్చిమ కనుమల వాగులను పరిశీలించారు. అయితే డెల్టా మడ అడవులవి ఉప్పునీళ్ళు. కనుమల వాగులు వర్షాధిక్యం గల అడవి నీడన పారేవి. సంవత్సరానికి సుమారు 700 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే పడే కడప జిల్లా పరిస్థితి వేరు. ఇక్కడి నేల కింద వేంపల్లె డోలమైటు, నార్జి సున్నపురాయి వంటి పొరలున్నాయి. నాపరాయి గనుల ప్రాంతంలో నీటి కాఠిన్యం రైతుకు బాగా తెలిసినదే. నీటి రసాయన గుణం, కలప జాతి, మునిగి ఉండే కాలం మారితే దానిపై స్థిరపడే శిలీంధ్ర సముదాయం కూడా మారుతుంది. కాబట్టి ఇతర ప్రాంతాల జాబితాలను యథాతథంగా ఇక్కడికి వర్తింపజేయడం తగదు.

మూడు చోట్ల మూడు రకాల నీళ్ళు

జమ్మలమడుగు వద్ద పెన్నపై మైలవరం, దాని ఎగువన 26.85 టీఎంసీల సామర్థ్యం గల గండికోట జలాశయం ఉన్నాయి. గండికోట ముంపులో తాళ్ళప్రొద్దుటూరు వంటి గ్రామాలే నీటి కిందికి చేరాయి. ఊరితో పాటు ఊరి చెట్లూ మునిగాయి. ప్రొద్దుటూరు వద్ద స్థితి భిన్నమైనది. పెన్న ఏడాదిలో అధిక కాలం ఇసుక మేటలుగా కనిపిస్తుంది. వరదలో కొట్టుకువచ్చిన కొమ్మ కొన్నాళ్ళు తడిసి, తరువాత నెలల తరబడి ఎండుతుంది. నల్లరేగడి మీదుగా వచ్చే కుందూ నీరు, కాలువల నీరు ఆ పరిసరాలకే చెందినవి. పులివెందుల ప్రాంతానికి పార్నపల్లె వద్ద 10 టీఎంసీల చిత్రావతి బ్యాలెన్సింగ్ జలాశయం ఆధారం. దీర్ఘకాలం మునిగినది, తడిసి ఎండేది, నీటిమట్టంతో పాటు పైకి కిందికి మారేది అన్న మూడు పరిస్థితులు ఒకే జిల్లాలో, ఒక్క రోజు ప్రయాణంలో లభించడం పరిశోధకునికి అరుదైన సౌకర్యం.

రూపం ఎందుకు చూడాలి

ఈ శిలీంధ్రాల సిద్ధబీజాల రూపం నీటిలో జీవనానికి తగినట్లు ఉంటుంది. నాలుగు భుజాల కొనీడియం మూడు చోట్ల ఆనుకొని ఉపరితలాన్ని పట్టుకుంటుంది. అనిప్టోడెరా ప్రజాతి ఆస్కోస్పోర్ల కొనలనున్న కొక్కెం వంటి అనుబంధాలు నీటిలో సన్నని దారాలుగా విప్పుకొని కలపకు చిక్కుకుంటాయి. హెలికోస్పోరియం వంటి వాటి చుట్టలు గాలిని బంధించి తేలుతాయి. సవొరియెల్లాలో మధ్య కణాలు గోధుమ రంగులో, చివరి కణాలు రంగు లేకుండా ఉంటాయి. ఈ లక్షణాలలో కొన్ని నీటితో చేసిన స్లయిడుపైనే స్పష్టమవుతాయి. జిగురు తొడుగు చూడవలసి వస్తే నల్ల సిరా చేర్చాలి. ఎండిన నమూనానో, లాక్టిక్ ఆమ్లంలో ఉంచిన నమూనానో మాత్రమే చూసినవారికి తొడుగులు, అనుబంధాలు తప్పిపోతాయి. అంటే తాజా నమూనా, ఓపిక గల కన్ను, కొలత, చేతి చిత్రం నేటికీ అవసరమే.

డీఎన్ఏ క్రమాలు ఉండగా ఇవన్నీ ఎందుకన్న ప్రశ్న సహజం. రూపం ఒక్కటే మోసగిస్తుందన్నది నిజం. నాలుగు భుజాల కొనీడియం సంబంధం లేని వంశాల్లో విడివిడిగా ఏర్పడింది. ఆన్యులాటాస్కేసీ కుటుంబంలో ఒకచోట చేర్చిన ప్రజాతులు అన్నీ ఒకే వంశానివి కావని అణు పరిశీలన తేల్చింది. అయినప్పటికీ, సరిగా గుర్తించిన నమూనాకు అనుసంధానం కాని డీఎన్ఏ క్రమం చిరునామా లేని ఉత్తరం వంటిది. లైంగిక, అలైంగిక దశలకు వేర్వేరు పేర్లుండే పద్ధతి 2013 జనవరి 1తో ముగిసింది. కొత్త పేరుకు నమోదు సంఖ్య అప్పటి నుండే తప్పనిసరి అయింది. ఇటువంటి నియమాల మధ్య రూపశాస్త్రం, అణుశాస్త్రం రెండూ తెలిసిన విద్యార్థి మాత్రమే నమ్మదగిన పేరు ఇవ్వగలడు.

వ్యవసాయానికి ప్రయోజనం, పరిమితి

శనగ, వేరుశనగ, చీనీ, అరటి సమస్యలు ఎదురుగా ఉండగా మునిగిన కట్టెపై నిధులు వెచ్చించడం ఏమిటన్న అభ్యంతరాన్ని తోసిపుచ్చలేము. దానికి సమాధానం రెండు విధాలు. మొదటిది, పత్తి కట్టె, కంది కట్టె, అరటి బోదె వంటి వ్యర్థాలను త్వరగా కుళ్ళించే సూక్ష్మజీవుల అన్వేషణ వ్యవసాయ శాస్త్రానిదే. మంచినీటి కలప శిలీంధ్రాలు సెల్యులోజును విచ్ఛిన్నం చేస్తాయని 1988లో షియరర్, జరే-మైవాన్ ప్రయోగాలు చూపాయి. సూడోహలోనెక్ట్రియా నుండి పైన్ చెట్ల నులిపురుగుపై పనిచేసే పదార్థాలు కూడా వేరుచేయబడ్డాయి. ఇవి మార్గాలను సూచిస్తాయే గాని, రైతుకు ఇవ్వదగిన సిఫారసులు కావు. పేరు నిర్ధారణ కాని శిలీంధ్రాన్ని పొలంలో చల్లడం పెద్ద ప్రమాదం. అందువల్లనే వర్గీకరణ ముందు, ప్రయోగం తరువాత. రెండవది, ఖర్చు స్వల్పం. ప్లాస్టిక్ డబ్బా, తడి కాగితం, ఓపికతో చూడగల సూక్ష్మదర్శిని ప్రాథమిక అవసరాలు.

చేయవలసినది

కొట్టుకువచ్చిన కొమ్మ ఎంతకాలం మునిగిందో చెప్పలేము. కాబట్టి తుమ్మ, వేప, చీనీ కలపను ఒకే కొలత ముక్కలుగా కోసి, తేదీ రాసిన బిళ్ళతో నైలాన్ తాడుకు కట్టి, మూడు చోట్లా తెలిసిన లోతుల్లో దించాలి. రెండు నెలలకోసారి కొన్నింటిని తీసి, కడిగి, తడి డబ్బాలో ఉంచి, మొదటి పక్షంలోనూ ఆపై నెలల తరబడి గమనించాలి. ఒంటరి సిద్ధబీజం నుండి వర్ధనం తీసి, పుణేలోని అఘార్కర్ పరిశోధనా సంస్థ శిలీంధ్ర సంగ్రహానికి లేదా ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ హెర్బేరియానికి నకలు పంపాలి. నీటి క్షారత, ఉష్ణోగ్రత, ఆమ్లజని వివరాలు ప్రతి నమూనాతో జతచేయాలి. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంతో కలిసి స్నాతకోత్తర విద్యార్థులకు ఏటా ఒక సేకరణ శిబిరం నిర్వహించవచ్చు. విస్తరణ శాస్త్రవేత్తలు ఈ శిబిరాల్లో పాల్గొంటే రైతు తెచ్చిన కుళ్ళిన కట్టెను చూసి చెప్పగలిగే మాటల సంఖ్య పెరుగుతుంది.

ఆలస్యానికి మూల్యం ఉంది. కొత్తగా మునిగిన చెట్టుపై మొదట స్థిరపడే జాతులు కొన్నేళ్ళలో వేరే జాతులకు చోటిస్తాయి. చివరికి కలప కూడా మిగలదు. గండికోట ముంపు చెట్లు తమ కథలో ఎంతో భాగాన్ని ఇప్పటికే పోగొట్టుకున్నాయి. మిగిలిన భాగాన్ని చదవగల విద్యార్థులను తయారుచేయడం ఈ తరం అధ్యాపకుల బాధ్యత.