అంచనా వద్దు, అడగండి

1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, ఐసర్‌. దగ్గర్లోనే గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనశాల. తిరుపతి చుట్టూ సైన్సు దండిగానే పోగుపడింది. ఈ ల్యాబుల్లోకి వేరుశనగ సాగుచేసే ఇంటి బిడ్డలూ వస్తారు, ప్రొఫెసర్ల పిల్లలూ వస్తారు, తెలుగు రాని పొరుగు రాష్ట్రాలవారూ వస్తారు. ఎవరు ఏ ఆశతో పరిశోధనలో అడుగుపెట్టారో గైడుకు తెలిసి ఉండాలి. అది దయాదాక్షిణ్యాల సంగతి కాదు, గైడు ఉద్యోగంలో భాగం. విశ్వవిద్యాలయాలు దాన్ని నియమంగా పెట్టాలి.

చాలామంది గైడ్లు తాము నడిచిన దారినే కొలబద్దగా పెట్టుకుంటారు. రాత్రింబవళ్లు ల్యాబులో ఉంటే నిబద్ధత, పంట కోతలకు ఊరెళితే అశ్రద్ధ. 2023 జనవరి నుంచి జూనియర్‌ రీసెర్చ్‌ ఫెలోషిప్‌, అంటే జేఆర్‌ఎఫ్‌ నెలకు 37,000 రూపాయలు. అందులోంచి ఇంటి అప్పు తీర్చే స్కాలర్‌కు కుటుంబ బాధ్యత చదువుకు అడ్డంకి కాదు, ఆ చదువుకు కారణమే అది. కుటుంబంలో తొలిసారి కాలేజీ మెట్లెక్కినవారికి నలుగురికీ పనికొచ్చే లక్ష్యాలే ఎక్కువ ప్రేరణనిస్తాయనీ, విశ్వవిద్యాలయాలు మాత్రం ‘నీ దారి నువ్వు వెతుక్కో’ అనే సంస్కృతినే మెచ్చుకుంటాయనీ 2012లో నికోల్‌ స్టీఫెన్స్‌ బృందం అమెరికాలో చూపింది. ఆ ఎడం ఇక్కడ లేదనుకోవడానికి ఆధారమేమీ లేదు. యూజీసీ 2022 నిబంధనలు మహిళా స్కాలర్లకు 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవుకు వీలిచ్చాయి. దాన్ని వాడుకున్నందుకే గైడు దృష్టిలో చులకనైతే, ఆ హక్కు కాగితానికే పరిమితం.

సైన్సుకు కులం, ఊరు ఉండవు, అందరినీ ఒకేలా చూడటమే న్యాయమని కొందరి వాదన. రుజువు విషయంలో అది అక్షరాలా నిజం, ప్రమాణం ఎవరికీ తగ్గకూడదు. కానీ ఏ సమస్య ఎంచుకోవాలి, దేనికోసం శ్రమించాలి అన్నవి మనిషి విలువల నుంచే పుడతాయి. నేపథ్యం తవ్వితే ముద్రలు పడతాయన్న భయం న్యాయమైనదే. అయితే ‘ఈ అమ్మాయి పెళ్లయ్యాక మానేస్తుంది’ అనే ముద్ర పడేది అడగకుండా ఊహించుకున్నప్పుడే. ఇక గైడ్లకు అంత తీరికెక్కడిది అంటారా, ఆ లెక్కా చూద్దాం. నిబంధనల ప్రకారం ప్రొఫెసర్‌కు ఎనిమిదిమంది స్కాలర్లే గరిష్ఠం. సెమిస్టరుకు ఒక్కొక్కరికి గంట ఇస్తే మొత్తం ఎనిమిది గంటలు.

అయితే గైడు అడిగితేనే చాలదు. సెమిస్టరుకోసారి స్కాలర్‌ ప్రగతిని సమీక్షించే సలహా సంఘానికి కన్వీనర్‌ ఆ గైడే. ఆయన ఎదుట మనసులో మాట ఎవరు చెబుతారు? ఏటా ఒకసారి గైడు లేకుండా సంఘం స్కాలర్‌ను వినాలి. గైడుగా గుర్తింపునిచ్చే ముందు శిక్షణ తప్పనిసరి చేయాలి. తిరుపతి సంస్థలు ఆ శిక్షణను కలిసి నిర్వహించుకోవచ్చు. థీసిస్‌ను దిద్దడం నేర్పినట్టే, స్కాలర్‌ మాట వినడమూ నేర్పాలి.