ఇటలీ తెల్ల వైనూ, మన చెనక్కాయలూ

మన పావగడ తాలూకా కర్ణాటకలో ఉన్నా, చాలావరకు ఆంధ్రదేశమే దాన్ని చుట్టుకొని ఉన్నది. ఇండ్లలో మాట తెలుగే, పొయ్యిమీద ఉడికేది రాగి సంగటే. పిల్లలు మాత్రం ఉద్యోగాలకు బెంగుళూరు చేరుకున్నారు. వారు పండుగకు వచ్చేటప్పుడు ఒక్కొక్కసారి సంచిలో ఇటలీ వైను సీసా కూడా వస్తున్నది. పెద్దలు ముఖం చిట్లిస్తారు. ఆ కోపం ఊరికే వచ్చినది కాదు. సారాయి ఎన్ని కొంపలు ముంచిందో ఈ సీమకు తెలుసు. 2007లో కర్ణాటక ప్రభుత్వం సారాయిని నిషేధించింది కూడా. అందుచేత ఆ సీసాలో ఉన్నదేమిటో, మన వంటతో దానికి పొత్తు కుదురుతుందో లేదో ఈ నెల నిదానంగా విచారించదలచాము. తాగమని చెప్పడానికి కాదు సుమా! ఇంట్లోకి వచ్చిన వస్తువు సంగతి తెలిసి ఉండడం మేలు గనుక.

సారాయిని బట్టీలో కాచి దించుతారు. వైను అలా కాదు, ద్రాక్షరసం పులిస్తే వచ్చేది. ఉత్తర ఇటలీలో వెరోనా పట్టణానికి తూర్పున సొఆవే అనే చిన్న ఊరున్నది. ఆ చుట్టుపట్ల కొండవాలుల్లో గర్గనేగా అనే తెల్లద్రాక్ష పండుతుంది. ఊరిపేరే వైనుకూ పేరు. ఆ పేరు పెట్టాలంటే నూటికి కనీసం 70 పాళ్లు గర్గనేగాయే ఉండాలని అక్కడి చట్టం. ఇందులో ఆల్కహాలు నూటికి సుమారు 12 పాళ్లు.

దీని రుచి చూడడానికి ఒక పద్ధతి ఉన్నది. వైను 8 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఫ్రిజ్‌లోనుంచి తీసి కొద్ది నిమిషాలు బయట ఉంచితే సరి. గ్లాసులో మూడోవంతు మాత్రమే పోసి, చేతివేడి తగలకుండా కాడ పట్టుకోవాలి. మెల్లగా తిప్పి వాసన చూస్తే నిమ్మ, బేరిపండు గుర్తుకు వస్తాయి. చిన్న గుక్క తీసుకొని నోరంతా తిప్పితే ముందు పులుపు, చివర బాదంపొట్టువంటి పిసరంత చేదు. ఆ పులుపుకు నోట్లో నీరూరుతుంది, తరువాతి ముద్ద హితవవుతుంది. మన భోజనంలో ఆ పని చింతపండూ మజ్జిగా చేస్తున్నాయి.

ఇక పళ్లెం సంగతి. ఉప్పూ నూనే కలిసినచోట వైను పులుపు మెత్తబడుతుంది. కాబట్టి వేయించి ఉప్పు చల్లిన చెనక్కాయలు దీనికి చక్కని జోడు. పొట్టులోని చేదుకూ వైనులోని చేదుకూ చుట్టరికం ఉన్నది. కారం తగ్గించి నిమ్మకాయ పిండిన ఉగ్గాని, అలసంద వడ, చెరువు చేపల వేపుడు కూడా సరిపోతాయి. ఇటలీవారు దీనిని చేపలతోనూ, రిసొట్టోతోనూ పుచ్చుకొంటారు. రిసొట్టో అంటే మన పొంగలివలె మెత్తగా వండిన బియ్యపు వంటకం.

కుదరనివీ ఉన్నాయి. ఎండుమిరపకాయలు నూరిన ఊరిబిండితో ఈ వైను పొసగదు. నాలుకమీద మంటను తెలిపే నరాలను కారం రేపుతుంది, ఆల్కహాలూ వాటినే రేపుతుంది. మంటకు మంట తోడవుతుంది. కారం నీళ్లలో కరగదు గనుక నీళ్లు తాగినా లాభం లేదు. పాలలోనూ మజ్జిగలోనూ ఉండే కేసీను అనే మాంసకృత్తు ఆ కారాన్ని పట్టి తీసివేస్తుంది. సంగటీ ఊరిబిండీ తిని మజ్జిగ తాగే మన పెద్దల వాడుకలో ఇంత అర్థం ఉన్నది. ఓళిగ తిని ఈ వైను తాగితే తీపి ముందు అది ఉత్త పుల్లనీళ్లే.

ఇంత చెప్పి ఒక మాట దాచరాదు. ఆరోగ్యానికి హాని లేని మద్యపు మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. గర్భవతులు, కాలేయపు జబ్బువారు, బండి నడపవలసినవారు దీనిని ముట్టనే రాదు. తాగుడు మానుకోవడానికి పాటుపడుతున్నవారు ఇంట్లో ఉంటే ఆ సీసా మూత తీయకపోవడమే ధర్మం.

అబ్బాయిలకూ అమ్మాయిలకూ మా మనవి ఒక్కటే. సీసా తెచ్చే ముందు అమ్మను అడగండి. మద్యం వాసన తగిలితే చాలు, పాత రాత్రులు గుర్తుకు వచ్చే తల్లులు మన తాలూకాలో లేకపోలేదు. ఆమె వద్దంటే మారుమాట వద్దు. ఆ పూట చెనక్కాయలు వేయించి, మజ్జిగలో ఉప్పూ కరివేపాకూ వేసి, అందరూ కలిసి కూర్చోండి.