నల్లపొగ.. బలం కాదు, నష్టం!

తెనాలి: సార్వా దమ్ములు మొదలైతే డెల్టాలో ట్రాక్టర్లకు విశ్రాంతి ఉండదు. ఇనుప చక్రాలతో బురదలో తిరిగే ఇంజనుపై భారం అధికం. లాగుడు చాలడం లేదంటూ కొందరు యజమానులు డీజిల్ పంపు సీలు తీయించి, ఇంధన మోతాదు పెంచుకుంటున్నారు. చిక్కంతా ఇక్కడే వస్తోంది.

లీటరు డీజిల్ పూర్తిగా మండటానికి కనీసం 10 వేల లీటర్ల గాలి అవసరం. పంపు తిప్పినంత మాత్రాన గాలి పెరగదు. మండని ఇంధనం కొంత నల్లపొగగా పోగా, మరికొంత ఇంజను ఆయిల్‌లో కలిసి దానిని పలుచన చేస్తుంది. వేడి పెరిగి పిస్టన్లు, వాల్వులు దెబ్బతింటాయి. నాట్ల అదనులో బండి మూలపడితే అద్దె ఆదాయం పోతుంది, వాయిదా మాత్రం ఆగదు.

బలం తగ్గడానికి చాలాసార్లు నిర్వహణ లోపమే కారణం. ఎయిర్ క్లీనర్‌లో మురికి, మూసుకుపోయిన డీజిల్ ఫిల్టర్, అరిగిన నాజిళ్లు, సందు మారిన టాపెట్లు, గడ్డి పేరుకున్న రేడియేటరు.. వీటిని సరిచేస్తే తగ్గిన లాగుడు చాలావరకు తిరిగి వస్తుంది. 2023 జనవరిలో 50 హార్స్‌పవర్ మించిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. పాత బండ్ల యజమానులకు మాత్రం పొగే హెచ్చరిక. అది వృథా అవుతున్న డీజిల్‌కు గుర్తు.