తాళంచెవి ఎవరి దగ్గర?

నవంబరు 19 దగ్గరపడుతుంటే దివిసీమలో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆకాశంకేసి చూస్తారు. 1977లో ఆ రోజు సముద్రం ఊళ్ళ మీదికొచ్చింది. చనిపోయినవాళ్ళు పది వేల దాకా ఉంటారని సర్కారు తేల్చింది గానీ, ఆ లెక్కను దివిసీమ ఏనాడూ నమ్మలేదు. 2027 వస్తే దానికి యాభై ఏళ్ళు. స్తూపాల దగ్గర పూలదండలు పడతాయి, ఉపన్యాసాలు జరుగుతాయి. ఆ సందడి మొదలవకముందే ఒక చిన్న సంగతి మాట్లాడుకోవాలి: తలదాచుకునే చోటు గురించి, దాని తాళంచెవి గురించి.

మన ఊరు పెదపారుపూడికి ఆ ఉప్పెన నీళ్ళు రాలేదు. కానీ ఉప్పెన కథలో ఈ ఊరి పేరుకు చోటుంది. ఇక్కడ పుట్టిన రామోజీరావు నడిపిన ‘ఈనాడు’కు అప్పటికి మూడేళ్ళ వయసు. పాఠకుల దగ్గర పోగైన చందాలతో, రామకృష్ణ మిషన్ చేతుల మీదుగా, కోడూరు దగ్గరి పాలకాయతిప్పలో 112 ఇళ్ళు లేచాయి. ఊరికి పరమహంసపురమని కొత్త పేరు పెట్టారు. సన్యాసులు కట్టించిన ఇళ్ళలో బెస్తలు కాపురం పెట్టారు. చర్చిల తరఫున సహాయం చేసే ‘కాసా’ తీరం పొడవునా తుపాను ఆశ్రయాలు కట్టింది. మదర్ థెరిసా దివిసీమకు వచ్చారు. ఆ రోజుల్లో ఎవరు ఎవరి దేవుడి పేరు చెప్పి మట్టి మోశారో అడిగే ఓపిక ఎవరికీ లేదు.

అసలు కృష్ణా డెల్టాలో తలదాచుకోవడమంటే మొదటినుంచీ దేవుడి పంచే. తాటాకు పాకలు గాలికి లేచిపోతే, ఊరు మొత్తంలో గట్టి గోడలున్న కట్టడం గుడో, చర్చో, బడో మాత్రమే. 1864 నవంబరు 1 రాత్రి బందరును ఉప్పెన ముంచినప్పుడు దాదాపు 30 వేల మంది పోయారంటారు. ఆ రాత్రి పరుగెత్తి ఎక్కడానికి మేడలున్న ఇళ్ళు ఎన్ని? గట్టి కప్పు విలువ మనవాళ్ళకు పుస్తకాల్లోంచి తెలియలేదు, శవాల్లోంచి తెలిసింది.

1990 మే 9న మళ్ళీ అంతటి తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి పోయినవాళ్ళు వెయ్యి లోపే. ముందస్తు హెచ్చరిక అందింది, లక్షన్నర మందికి పైగా జనాన్ని కదిలించారు. కదిలినవాళ్ళు వెళ్ళడానికి ఒక చోటంటూ ఉంది. ఆ మూడో మాటే ముఖ్యం. ‘లేవండి, పదండి’ అన్నప్పుడు ‘ఎక్కడికి?’ అన్న ప్రశ్నకు 1977లో జవాబు లేదు, 1990లో ఉంది.

ఆ జవాబు తరవాతి కాలంలో ఏమైంది? తీరం వెంట తిరిగి చూస్తే తెలుస్తుంది. పాత తుపాను భవనాలు చాలాచోట్ల పెచ్చులూడి, ఇనుపచువ్వలు బయటపడి, మేకలకు నీడనిస్తున్నాయి. బాగున్నవి ఏవంటే, రోజూ ఎవరో ఒకరు తలుపు తీసేవి. బడి నడిచినవి, ఆదివారం ప్రార్థన జరిగినవి, అంగన్‌వాడీ పిల్లలు పడుకున్నవి. సిమెంటు ఒకటే, కాంట్రాక్టరు ఒకడే అయినా, చీపురు పట్టేవాళ్ళున్న చోట కట్టడం బతికింది, లేనిచోట చచ్చింది. డబ్బుకు గోడ కట్టడం చేతనవును, తలుపు తీయడం చేతకాదు.

ఉప్పెన ఒక్క రాత్రి ఇల్లు లేకుండా చేస్తే, ఏ ఉప్పెనా లేకుండానే ఇల్లు లేనివాళ్ళు మన కళ్ళముందే ఉన్నారు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి జనగణనవాళ్ళు బస్టాండ్లలో, వంతెనల కింద తిరిగితే దేశంలో 17.7 లక్షల మంది ఆరుబయట దొరికారు. ఇల్లు లేకపోవడం పట్నపు జబ్బని మనకో నమ్మకం. ఆ రాత్రి దొరికినవాళ్ళలో ఎనిమిది లక్షల పైచిలుకు పల్లెలవాళ్ళే. కోతలయ్యాక బాతుల మందలతో చేల గట్లమీద గుడారం వేసుకునేవాళ్ళు, ఇటుకబట్టీల దగ్గర రెండు రేకులకింద పసిబిడ్డతో ఉండేవాళ్ళు, కొడుకులు వంతులేసుకుని చివరికి ఏ వంతూ దక్కని ముసలమ్మ. వీళ్ళనెవరినీ మనం ‘నిరాశ్రయులు’ అనం. ‘పాపం, ఎవరో’ అంటాం.

చట్టం కూడా అంతే. 2010లో సుప్రీంకోర్టు లక్ష జనాభాకు ఒక ఆశ్రయం చొప్పున ఏర్పాటు చేయమంది, అదీ పట్టణాల్లో. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మనిషికి యాభై చదరపు అడుగుల లెక్క కట్టింది, అదీ పట్టణాలకే. ఆ కొలత ప్రకారం లక్ష దాటిన గుడివాడకూ బందరుకూ హక్కుంది. పెదపారుపూడిలో రాత్రి బస్సు తప్పిన కూలీకి ఏ పథకంలోనూ యాభై అడుగులు లేవు. ఉన్నదల్లా ఎవరింటి అరుగో, ఏ చర్చి వరండానో. కొత్త ఇళ్ళకు అరుగులు కట్టడం మానేశాం గనక, ఇప్పుడు వరండాయే మిగిలింది.

ఇక్కడే చర్చి సంఘం మాట వస్తుంది. ఈ ప్రాంతంలో చర్చి లేని ఊరు అరుదు. సంఘమంటే పెద్దపెద్ద విరాళాలిచ్చేవాళ్ళ గుంపు కాదు. ఎక్కువమంది వ్యవసాయ కూలీలు, తాపీపనివాళ్ళు, ఆశా కార్యకర్తలు, రిటైరైన బడిపంతుళ్ళు. వీళ్ళలో చాలామంది తాతలు తాటాకు పాకల్లో పుట్టారు. గాలివాన తరవాత ఎవరో పంపిన దుప్పటి కప్పుకున్నారు, ఎవరో వండిన గంజి తాగారు. ఇవ్వాళ ఆశ్రయంలో ఉన్నవాడి ముందు కంచం పెట్టేటప్పుడు వీళ్ళు చిన్నచూపు చూడరు. డబ్బున్న దాత దగ్గర కనబడనిది అదే.

సంఘానికి ఇంకొక బలముంది, దాన్ని వాళ్ళే బలమనుకోరు. వాళ్ళు ప్రతివారం వస్తారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు చూశాం. గుడులు, చర్చిలు, మసీదులు పొయ్యిలు వెలిగించాయి. ఆ రోజుల్లో పొట్లాలు కాలికీ చేతికీ తగిలాయి. నీళ్ళు తీసి, కెమెరాలు వెళ్ళిపోయి, బురద ఎండిన తరవాత ఆకలి మళ్ళీ వచ్చింది. దానికి పొట్లం రాలేదు. గుడివాడ వైపు నందివాడ లంకపొలాల్లో నీళ్ళు అప్పటికింకా నిలబడే ఉన్నాయి, వార్తల్లో మాత్రం తీసేశాయి. ఆపదకు స్పందించడం మనకు బాగా వచ్చు. బుధవారానికి స్పందించడం రాదు. పట్టణంలో ఇల్లు లేనివాళ్ళ ఆశ్రయానికి కావలసింది బుధవారం రాత్రి కూర వండే మనిషి, మంగళవారం దుప్పట్లు ఉతికే మనిషి, జ్వరమొచ్చినవాణ్ణి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి చీటీ రాయించే మనిషి, ఆధార్ లేనివాడికి ఫారం నింపిపెట్టే పిల్లవాడు. ఇవి వంతులవారీగా జరిగే పనులు. వంతు వేసుకోవడం సంఘాలకు నేర్పక్కర్లేదు. ఆదివారం చర్చి ఊడవడానికి, పూలు పెట్టడానికి వాళ్ళు ఎప్పటినుంచో వేసుకుంటున్నదే.

ఒక మాట చేదుగానే చెప్పాలి. ఫ్లెక్సీ కట్టి, పుచ్చుకునేవాడి మొహం ఫోనులో పట్టి, వాట్సాప్‌లో పెట్టే సేవ ఏ మతంలోనైనా ఒకటే రకం. అన్నం ముందు ప్రార్థన షరతుగా పెట్టడం కూడా అలాంటిదే. వడ్డించేవాళ్ళు తమకోసం ప్రార్థన చేసుకోవచ్చు. తినేవాడు ఏ దేవుడికి దణ్ణం పెడతాడో, అసలు పెడతాడో లేదో అది వాడి ఇష్టం. పరమహంసపురంలో ఇల్లు తీసుకున్నవాళ్ళను ఏ మంత్రం చదవమని అడిగారు?

కోతలయ్యాక మాసూళ్ళు ఇల్లు చేరతాయి. చర్చిల్లో కోతపండగ వస్తుంది. బస్తా ధాన్యం తెచ్చేవాళ్ళు బస్తా, గుమ్మడికాయ తెచ్చేవాళ్ళు గుమ్మడికాయ, ఏమీ లేని అవ్వ నాలుగు గుడ్లు పట్టుకొస్తారు. ఆవరణలో వేలం పెడతారు. పదిహేను రూపాయల సొరకాయ నవ్వుల మధ్య రెండొందలకు పోతుంది, కొన్నవాడు దాన్ని మళ్ళీ చర్చికే ఇచ్చేస్తాడు, అది రెండోసారి వేలానికొస్తుంది. ఆ సొమ్ము ఈసారి ఎక్కడికి పోవాలో వేలం మొదలవకముందే తేల్చుకోవచ్చు. గుడివాడలాంటి పట్టణంలోని ఆశ్రయానికి నెలకు ఎన్ని బుధవారాలు ఈ ఊరు మోయగలదో, వరండా పక్కన ఖాళీగా ఉన్న గదికి ఒక పంకా, రెండు మంచాలు వేస్తే ఎంతవుతుందో, దాని తాళం రాత్రి పదకొండుకు తీయగలిగే ఇల్లు చర్చికి ఎంత దగ్గరలో ఉందో.