కాదంటే కాదనండి, కారణం చెప్పండి

కేంద్ర హోం శాఖ మంత్రి గారికి,

నేను ఢిల్లీలో చాలాకాలంగా ఉంటున్న తెలుగువాణ్ణి. పౌరసత్వం నాకు పుట్టుకతోనే వచ్చింది కనుక దానికోసం ఏనాడూ దరఖాస్తు పెట్టుకోలేదు. పెట్టుకుని ఎదురుచూస్తున్నవాళ్ల గురించి ఈ లేఖ రాస్తున్నాను. రాజధానిలో, దాని చుట్టుపక్కల వాళ్లకు కొదవ లేదు. మజ్నూ కా టీలా దగ్గర యమున ఒడ్డున గుడిసెలు వేసుకున్న పాకిస్తాన్‌లోని సింధ్ ప్రాంతపు హిందువులు, తిలక్ నగర్‌లో అఫ్ఘాన్ సిక్కులు, లాజ్‌పత్ నగర్‌లో, భోగల్‌లో రొట్టెల దుకాణాలు నడుపుకునే అఫ్ఘాన్లు, మనవాళ్లను పెళ్లాడి నోయిడాలోనో గురుగ్రామ్‌లోనో కాపురముంటున్న విదేశీ కోడళ్లు. వీళ్లలో ఎవరిని ఈ దేశపు పౌరులుగా తీసుకోవాలో తేల్చే అధికారం మీది. ఆ అధికారంతో నాకు పేచీ లేదు. తీసుకోనప్పుడు ఎందుకో చెప్పమనే అడుగుతున్నాను.

1955 నాటి పౌరసత్వ చట్టంలో 14వ సెక్షన్ చిన్నదే. 5, 6 సెక్షన్ల కింద వచ్చిన దరఖాస్తును ప్రభుత్వం తన విచక్షణ మేరకు ఆమోదించవచ్చు, తిరస్కరించవచ్చు, ఎందుకలా చేసిందో కారణం చెప్పాల్సిన పని లేదు అంటుంది. ఆ నిర్ణయమే తుది మాట అని కూడా అంటుంది. 2019 సవరణతో మూడు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాలవారికి వేరే దారి తెరిచారు. 2014 డిసెంబరు 31 తర్వాత వచ్చినవాళ్లకు, ఇతర దేశాలవాళ్లకు, ఇతర మతాలవాళ్లకు మాత్రం ఈ పాత దారే గతి.

ఆ దారిలో నడిచేవాడు ఏమేం చూపాలో మీకు తెలియనిది కాదు. స్వదేశీకరణ (నేచురలైజేషన్) కోరేవాడు దరఖాస్తుకు ముందు 12 నెలలు ఏకబిగిన ఇక్కడ ఉండాలి. దానికి ముందున్న 14 ఏళ్లలో మొత్తం 11 ఏళ్లు ఇక్కడే గడిపి ఉండాలి. నడవడిక మంచిదనిపించుకోవాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాష ఒక్కటైనా వచ్చి ఉండాలి, అది తెలుగైనా సరే. వీసా ముద్రలు, నివాస అనుమతులు, అద్దె ఒప్పందాలు, పోలీసు విచారణ, అన్నిటికీ కాగితం కావాలి. అన్నీ చూపినవాడికి చివర్లో కాదని రాసి పంపిస్తే, వాడు లోటు ఎక్కడుందని వెతుక్కోవాలి? 15ఎ సెక్షన్ ప్రకారం 30 రోజుల్లో పునఃసమీక్ష కోరవచ్చు. ఏ తప్పు పట్టారో తెలియకుండా ఏం రాసుకుని కోరాలి? రాజ్యాంగం ఇచ్చిన రిట్ అధికారం ఉంది కాబట్టి హైకోర్టు తలుపు తట్టవచ్చు. అక్కడ కూడా న్యాయవాది ఖాళీ కాగితాన్ని పట్టుకునే వాదించాలి.

ఇదే ప్రభుత్వం పాస్‌పోర్టు దగ్గర వేరే పద్ధతి పాటిస్తోంది. 1967 పాస్‌పోర్టుల చట్టం ప్రకారం పాస్‌పోర్టు నిరాకరిస్తే అధికారి కారణాలను క్లుప్తంగానైనా రాసిపెట్టాలి, అడిగితే నకలు ఇవ్వాలి. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టును స్వాధీనం చేసుకుని, ప్రజా ప్రయోజనాల రీత్యా కారణం చెప్పబోమన్నారు. ఆ వ్యాజ్యంలోనే 1978 జనవరి 25న సుప్రీంకోర్టు ప్రభుత్వం పాటించే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండి తీరాలని తేల్చింది. 21వ అధికరణం ఇచ్చే రక్షణ పౌరులకే పరిమితం కాదు, ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ ఉంది.

కారణం చెబితే జరిగే మేలుకు ఉదాహరణ ఢిల్లీలోనే దొరుకుతుంది. 1986లో ఈ దేశంలోనే పుట్టిన ఒక టిబెటన్ యువతి పాస్‌పోర్టు అడిగితే, భారత పౌరురాలు కాదు కనుక ఇవ్వలేమన్నారు. కారణం తెలిసింది కాబట్టి ఆమె దాన్ని సవాలు చేయగలిగింది. 1950 జనవరి 26కు, 1987 జూలై 1కి మధ్య ఈ దేశంలో పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులని 2010 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు స్పష్టం చేసింది. ఆ తీర్పు మరెందరో టిబెటన్లకు దారి చూపింది. కారణం చెప్పకుండా కాదని ఉంటే ఆ పొరపాటు ఇప్పటికీ ఫైలులోనే పడి ఉండేది.

ఇక మా తెలుగు నేల మీది వ్యవహారం చూడండి. వేములవాడ మాజీ ఎమ్మెల్యే చెన్నమనేని రమేశ్‌కు 2009లో భారత పౌరసత్వం వచ్చింది. దరఖాస్తుకు ముందు 12 నెలలు ఆయన ఇక్కడ లేరన్న ఫిర్యాదుపై 2017లో మీ శాఖ దాన్ని రద్దు చేసింది. హైకోర్టు మళ్లీ పరిశీలించమంటే, 2019లో కారణాలు వివరిస్తూ మళ్లీ రద్దు చేసింది. 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆ నిర్ణయాన్ని నిలబెట్టింది. రద్దు చేయాలంటే 10వ సెక్షన్ ప్రకారం ముందుగా నోటీసు ఇచ్చి ఏ ఆధారం మీదో చెప్పాలి. ఇచ్చింది లాక్కోవడానికి ఇంత పద్ధతి ఉంది. అసలే ఇవ్వకపోవడానికి ఒక్క వాక్యం కూడా అక్కర్లేదంటే ఏం సబబు?

పరాయి దేశంలో పౌరసత్వం అడిగిన అనుభవం మనవాళ్లకు పాతదే. 1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్‌కు పౌరసత్వం కుదరదంది. ఆయన చట్టం దృష్టిలో తెల్లవాడు కాడన్నది కారణం. అన్యాయమైన కారణమే, కానీ అచ్చులో ఉంది. అందరూ చదివారు, దానిమీద పోరాడారు, 1946లో చట్టమే మారింది. ఆ రోజుల్లోనే అమెరికాలో అడుగుపెట్టిన మన భీమవరం ముద్దుబిడ్డ, శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1948లో ఆ దేశ పౌరుడు కాకుండానే కన్నుమూశారు. ఈనాడు డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఒక తెలుగు ఇంజనీరు పౌరసత్వ దరఖాస్తును తోసిపుచ్చితే అక్కడి అధికారి కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ఇంటర్వ్యూ అయ్యాక 120 రోజుల్లో ఏదీ తేల్చకపోతే దరఖాస్తుదారు నేరుగా ఫెడరల్ కోర్టుకు వెళ్లవచ్చు. మన బిడ్డలకు అక్కడ దక్కాలనుకునే మర్యాద మన గడపకు వచ్చినవాళ్లకు ఇవ్వవద్దా?

దేశ భద్రత మాటేమిటని మీ అధికారులు అడగవచ్చు. నిఘా నివేదికను బయటపెట్టమని ఎవరూ అనడం లేదు. పాస్‌పోర్టుల చట్టంలో సార్వభౌమత్వానికి, భద్రతకు, విదేశీ సంబంధాలకు భంగం కలిగే చోట నకలు ఇవ్వనవసరం లేదన్న మినహాయింపు ఉంది. అదే ఇక్కడా పెట్టుకోండి. అప్పుడు కూడా కారణం ఫైలులో రాసే ఉంటుంది, న్యాయమూర్తి అడిగితే చూపవచ్చు. నివాస కాలం నాలుగు నెలలు తగ్గిందనో, ఒక ధ్రువపత్రం పాతబడిందనో చెప్పడానికి భద్రత అడ్డం రాదు.

పౌరసత్వం మీద ఏమేం ఆధారపడి ఉంటాయో 2025 మేలో మరోసారి తెలిసింది. మజ్నూ కా టీలా శరణార్థులు యమున ఒడ్డు ఖాళీ చేయించే ముందు వేరే చోటు చూపమన్నారు. విదేశీయులు కనుక ఢిల్లీ మురికివాడల పునరావాస విధానం వర్తించదని హైకోర్టు తేల్చింది. పౌరసత్వ ముద్ర పడేదాకా తలమీద కప్పుకు కూడా హక్కు లేదన్నమాట. తలచుకుంటే ఆ ముద్ర వేగంగా వేయగలమని మీరే నిరూపించారు. 2024 మార్చి 11న 2019 సవరణకు నియమాలు ప్రకటించి, మే 15కల్లా ఢిల్లీలో 14 మంది చేతికి ధ్రువపత్రాలు ఇచ్చారు.

కాబట్టి మూడు పనులు కోరుతున్నాను. కారణం చెప్పనక్కర్లేదని 14వ సెక్షన్ అంటోంది గానీ చెప్పకూడదని అనడం లేదు కనుక, ప్రతి తిరస్కరణ ఉత్తర్వులో కారణం రాయాలని మీ శాఖ రేపే సర్క్యులర్ ఇవ్వవచ్చు. దరఖాస్తు కేంద్రానికి చేరాక ఎన్నాళ్లలో తేలుస్తారో గడువు ప్రకటించండి. ఆ తర్వాత పార్లమెంటులో సవరణ తెచ్చి, పాస్‌పోర్టుల చట్టంలోని నిబంధనను 14వ సెక్షన్‌లో చేర్చండి. మొదటి రెండింటికీ మీ సంతకం చాలు. మూడోదానికి పార్టీలకతీతంగా మద్దతు అడగండి. మా తెలుగు ఎంపీలను అడిగే బాధ్యత మాది.

భవదీయుడు,
ఢిల్లీలో ఒక తెలుగు పౌరుడు