సెకండ్ షో తర్వాత అసలు ఫైటు

మా వీధి కుర్రాడొకడు కరాటే క్లాసులో చేరి ఆరు నెలలైనా కాలేదు. మొన్న వచ్చి, "అన్నా! ఇప్పుడు నలుగురొచ్చినా పడగొట్టేస్తా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు ఆ మాట అన్నవాణ్ణి నేనే మరి!

2003లో 'అమ్మ నాన్న ఓ తమిళమ్మాయి' చూసొచ్చిన వారానికే నేనూ క్లాసులో చేరాను. సినిమాలో రవితేజది కిక్ బాక్సింగ్. మా పేటలో దొరికింది కరాటే. ఏదైతేనేం, తన్నడమే కదా అనుకున్నాను. రెండేళ్ళు నేర్చుకున్నాను.

ఒక రాత్రి విజయవాడ గాంధీనగర్‌లో సెకండ్ షో చూసి ఒంటరిగా ఇంటికొస్తున్నాను. మా సందు మలుపులో ఒకడు అడ్డమొచ్చి, కత్తి చూపించి పర్సు తియ్యమన్నాడు. అందులో ఉన్నది నూట ఇరవై రూపాయలు. అయినా నాలోని హీరో ఊరుకుంటాడా? కాలెత్తాను. బిగుతు జీన్సు మోకాలిని నడుము దాకా లేవనివ్వలేదు. రెండో కాలి హవాయి చెప్పు జారింది. వెల్లకిలా పడ్డాను! లేవబోతూ చెయ్యి అడ్డం పెడితే కత్తి అరచేతిని కోసింది. వాడు పర్సుతో ఉడాయించాడు.

మర్నాడు కట్టుతో మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఓదారుస్తారనుకుంటే, "తల ఎందుకు పగల్లేదో తెలుసా?" అన్నారు. నిజమే! గడ్డం గుండెకి ఆనించి, చేతులతో నేలను చరిచి పడ్డాను. మొదటి నెలంతా చాప మీద పడేసి మమ్మల్ని విసిగించిన పాఠమది. జూడోలో దాన్ని 'ఉకెమి' అంటారు. "నిన్ను కాపాడింది అదొక్కటే. పర్సు అటు విసిరి ఇటు పరుగెత్తుంటే చెయ్యి కూడా దక్కేది" అన్నారు.

సినిమా ఫైటులో ఎవరు ఎప్పుడు కొట్టాలో ఫైట్ మాస్టర్ ముందే చెబుతాడు. తగలని దెబ్బని కెమెరా తగిలినట్టు చూపిస్తుంది. 'ఢిషుం' తర్వాత కలుపుతారు. విలన్లు ఒక్కొక్కరే వంతులవారీగా వస్తారు. క్లాసులోనూ చాప, వెలుతురు, ఆపమంటే ఆపే స్నేహితుడు ఉంటారు. వీధిలో ఇవేవీ ఉండవు. గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, చూపు కత్తి మీదే అతుక్కుపోతుంది. నేర్చుకున్న పాతిక తన్నులూ గుర్తురావు. వందలసార్లు చేసి ఒంటబట్టినవి ఒకటో రెండో వస్తే గొప్ప!

అలాగని నేర్చుకోవడం దండగ కాదు సుమా! దూరం కనిపెట్టడం, దెబ్బ తగలకుండా పడటం, పట్టు విడిపించుకోవడం, పరుగెత్తే ఊపిరి... వీధిలో పనికొచ్చేవి ఇవే. చెల్లెళ్ళూ! ఎవడైనా మణికట్టు పట్టుకుంటే వాడి బొటనవేలి వైపుకి తిప్పి ఒక్కసారిగా లాగండి. పట్టు బలహీనంగా ఉండేది అక్కడే. క్లాసులో వేసే కేకే వీధిలోనూ వెయ్యండి. చెయ్యి విడివడగానే జనం ఉన్న వైపు పరుగెత్తి, 112కి ఫోన్ చెయ్యండి. నిలబడి బదులు తీర్చుకోవద్దు.

చట్టం మాటా అదే. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కు ఇచ్చింది. కాని అవసరానికి మించి హాని చెయ్యమనలేదు. పడిపోయినవాణ్ణి హీరోలా తంతే కేసు మన మీదికే రావచ్చు.

ఇదంతా విని మా కుర్రాడు, "పారిపోతే పరువు పోదా అన్నా?" అన్నాడు.

నా అరచెయ్యి చాపి చూపించాను. పరువు ఎప్పుడో తిరిగొచ్చింది. చూపుడు వేలు మాత్రం ఈనాటికీ పూర్తిగా ముడుచుకోదు. నూట ఇరవై రూపాయలకి!