తాళికి ముందు ఒక మాట

సూరత్ జిల్లాలోని మాండ్వి, ఉమర్‌పాడా వంటి ఆదివాసీ తాలూకాల్లో సికిల్ సెల్ వ్యాధి తరతరాలుగా కుటుంబాలను పీడిస్తోంది. దంపతులిద్దరూ ఆ జన్యులక్షణానికి వాహకులైతే, పుట్టబోయే ప్రతి బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. అందుకే పెళ్లికి ముందే రక్తపరీక్ష చేయించుకోవాలనీ, ఫలితాన్ని బట్టి సలహా తీసుకోవాలనీ ప్రభుత్వమే చెబుతోంది. 2023 జూలై 1న ప్రధాని మోదీ షహడోల్‌లో ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లోనూ ఈ సలహాకు చోటుంది. పెళ్లి పర్యవసానాలను ముందే తెలుసుకోవడం ఇద్దరికీ హక్కేనన్న సూత్రాన్ని రాజ్యం ఆ విధంగా అంగీకరించింది. రక్తం విషయంలో అంగీకరించిన సూత్రం బతుకు విషయంలో ఎందుకు వర్తించకూడదు?

ఈ ప్రశ్న సూరత్ నగరంలోని తెలుగువారికి మరీ దగ్గరిది. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ వంటి పేటల్లో మరమగ్గాలను నమ్ముకొని దశాబ్దాలుగా బతుకుతున్నాయి. కొడుకుకు సంబంధం మాత్రం సొంత ఊరి వైపే వెతికేవారు నేటికీ ఉన్నారు. పెళ్లిచూపులు ఒక పూటతో ముగుస్తాయి. కట్నకానుకల లెక్క తేలడానికి మాత్రం పెద్దలు పదిసార్లు కూర్చుంటారు. అబ్బాయి రాత్రి షిఫ్టుకు వెళ్తాడా, ఇంటి మీద అప్పెంత, తాగుడు అలవాటుందా, అమ్మాయి చదువు సాగుతుందా, భాష తెలియని ఊళ్లో ఆమెకు కష్టమొస్తే ఎవరిని పిలవాలి? ఈ ప్రశ్నలు ఆ పది సమావేశాల్లో ఒక్కదానిలోనూ రాకుండానే ముహూర్తం కుదిరిపోతుంది.

మన చట్టం కూడా ఆలస్యంగానే నోరు విప్పుతుంది. దంపతులను ముందుగా రాజీకి ప్రోత్సహించాలని 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం న్యాయమూర్తికి చెబుతోంది. పరస్పర అంగీకారంతో విడిపోదలచినవారికి హిందూ వివాహ చట్టం ఆరు నెలల వ్యవధి విధించింది. తగిన సందర్భాల్లో దాన్ని మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు తేల్చిందనుకోండి, అది వేరే సంగతి. విడిపోయేముందు ఆరు నెలలు ఆలోచించుకోమనే ఈ చట్టం, కలిసేముందు ఒక గంట ఆలోచించుకోమని ఎక్కడా అడగదు.

ఇంట్లో పెద్దలుండగా ఈ కౌన్సెలింగులెందుకని అడిగేవారున్నారు. పెద్దల అనుభవం విలువైనదే. అయితే సంబంధం కుదిర్చినవారే సలహాదారులైతే, ఇష్టం లేదన్న మాట ఆ అమ్మాయి ఎవరి ముందు అనగలదు? క్యాథలిక్ చర్చిలో పెళ్లికి ముందు శిక్షణ తరగతులున్నాయి. మలేసియాలో ముస్లిం జంటలకు అటువంటి కోర్సు తప్పనిసరి. మన జాతీయ మహిళా కమిషన్ కూడా 2025లో ‘తేరే మేరే సప్నే’ పేరిట వివాహపూర్వ సంభాషణ కేంద్రాలకు శ్రీకారం చుట్టింది. అడుగు మంచిదే, కానీ అది ఎటు నడుస్తుందన్నదే ప్రశ్న.

నా భయం ఇక్కడే. 2023 జూలైలో గుజరాత్ ముఖ్యమంత్రి భూపేంద్ర పటేల్, ప్రేమ వివాహాలకు తల్లిదండ్రుల సమ్మతిని తప్పనిసరి చేసే అవకాశాన్ని రాజ్యాంగానికి లోబడి పరిశీలిస్తామని మెహసాణాలో ప్రకటించారు. ఇటువంటి వాతావరణంలో కౌన్సెలింగ్ ధ్రువపత్రాన్ని తప్పనిసరి చేస్తే, అది కులాంతర, మతాంతర జంటల దారికి మరో అడ్డుగోడ అవుతుంది. మరో ప్రమాదం ‘సర్దుకుపోవడం’ నేర్పే కౌన్సెలింగ్. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వివాహిత స్త్రీలలో దాదాపు 37 శాతం మంది భర్త హింసను చవిచూసినవారే. గుజరాత్‌లో ఆ సంఖ్య 14 శాతం. వీరికి ఓర్పు గురించి మరో ఉపన్యాసం అక్కర్లేదు.

కాబట్టి వివాహపూర్వ సలహా స్వచ్ఛందంగా, ఉచితంగా, గోప్యంగా ఉండాలి. వధువుతో, వరుడితో విడివిడిగా మాట్లాడిన తర్వాతే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాలి. గృహహింస చట్టం, వరకట్న నిషేధ చట్టం ఏమి చెబుతున్నాయో వారి భాషలోనే వివరించాలి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. బిడ్డకు తెలుగులో అక్షరాలు దిద్దించగలిగిన నగరం, ఆ బిడ్డకు తల్లి కాబోయే యువతితో ఆరోగ్య కేంద్రంలో ఒక గంట తెలుగులో మాట్లాడించలేదా?

ఇటువంటి కేంద్రం ఎన్ని పెళ్లిళ్లను నిలబెట్టిందని రేపు ప్రభుత్వాలు లెక్కలు చెప్పుకోవచ్చు. నేను అడగబోయే లెక్క వేరు. అక్కడ ‘వద్దు’ అన్న అమ్మాయిల్లో ఎందరి మాట చెల్లింది?